ఖాళీ డబ్బా ఎట్ల ఇస్తరు

2023 వానాకాలం. మహారాష్ట్ర చంద్రపూర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌ని. అంటే డాక్టర్ మందు ఇస్తారు, పేషెంటు మింగుతారు, ఇద్దరూ నిజంగా ఆ పనే చేశారా అని నేను చూస్తుంటాను. మాది తెలంగాణ సరిహద్దులోని రాజూరా కాబట్టి తెలుగు పేషెంట్లందరూ నా వాటా.

అప్పుడు డి.వి.టి. మీద అధ్యయనం నడుస్తోంది. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టడమన్నమాట. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. భద్రావతి బొగ్గుగని కాలనీ నుంచి లచ్చవ్వ వాచిన ఎడమకాలితో వచ్చింది. కాలనీలో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమే. అందుకని ఆమె భయం వేరు.

"సద్దుల బతుకమ్మకు ఆడొచ్చునా బిడ్డా?"

"మందు సక్కగ వేసుకో అవ్వా. డాప్లర్ మంచిగొస్తే ఆడొచ్చు." సిరలో రక్తం పారుతోందో లేదో చూపే స్కాన్ అది.

అంగీకార పత్రమంతా చదివి వినిపించాక సంతకం పెట్టింది. పెద్దదొకటి, చిన్నదొకటి రెండు డబ్బాలిచ్చాను. రెంటిలోవీ వేసుకోవాలి, ఒకదానిలోవి మాత్రం ఉత్తుత్తి బిళ్లలు. ఏవో ఎవరికీ తెలియకూడదు. దీన్ని డబుల్ బ్లైండ్ అంటారు.

"గిండ్ల అసలుది ఏది?"

"నాకు తెల్వదు."

"డాక్టర్ సాబ్‌కు?"

"ఆయనకూ తెల్వదు."

నన్ను జాలిగా చూసింది. "మరి గింత సదువెందుకు సదివిండ్రయ్యా?"



మిగిలిన బిళ్లలు లెక్కపెట్టాలి కాబట్టి డబ్బాలు తప్పక వాపసు తెమ్మన్నాను. తెచ్చింది. సద్దుల బతుకమ్మకు ముందురోజు, లేబుల్ గీకి, తళతళా తోమి, నిండా నువ్వుల పొడి పోసి.

"ఇదేంది అవ్వా?"

"ఖాళీ డబ్బా ఎట్ల ఇస్తరు? మీ అమ్మ నేర్పలేదా?"

నేర్పింది. పక్కింటి గిన్నెలో పిడికెడు చక్కెరైనా వేయకుండా మా అమ్మ పంపేది కాదు. మా శిక్షణలో ఆ పాఠం లేదు.

డాక్టర్ మరాఠీ ఆయన. రక్తాన్ని పలచబరిచే మందు, మానేసినా ఎక్కువ మింగినా ప్రమాదమే. లెక్క తేలకుండా ఆడమని చెప్పలేనన్నారు. నేను తెలుగులో చెప్పాను. లచ్చవ్వ ముఖం వాడిపోయింది.

"అంటే రేపు ఆడొద్దా?"

"మిగిలిన బిళ్లలు పారేసినవా?"

"మందు ఎవలన్న పారేస్తరా?" అంటూ కొంగు ముందుకు లాగింది. రెండు ముడులు. "పెద్ద ముడి పెద్ద డబ్బాది, చిన్నది చిన్న డబ్బాది. కలుస్తయని ఇడిగ కట్టిన."

లెక్క సరిపోయింది. డాప్లర్‌లో రక్తం ఏ అడ్డూ లేకుండా పారుతోంది. డాక్టర్ చెంచాడు నువ్వుల పొడి నోట్లో వేసుకుని, కాసేపు శాస్త్రీయంగా నమిలి, "నాచా, ఆజీ" అన్నారు. ఆడు అవ్వా అని తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. లచ్చవ్వ అప్పటికే లేచి నిలబడింది.

నియమం తప్పినందుకు నివేదిక రాయాలి. "డబ్బాలు తిరిగి వచ్చాయి, ఖాళీగా కాదు" అని రాశాను.

డబ్బా మన చేయి దాటి ఒక ఇంట్లోకి వెళ్లాక ఆ ఇంటి నియమాలే పాటిస్తుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ప్రతి పేషెంటుకూ చెబుతాను, డబ్బా కడగొద్దు, ఏమీ పోయొద్దు అని. చెబుతూనే, దసరా దగ్గరపడగానే సొరుగులో ఒక చెంచా పెట్టుకుంటాను.