నల్ల స్కెచ్ పెన్

నల్లగండ్లలోని ఆ స్కూల్లో సెలీనా తొమ్మిదేళ్లుగా డ్రాయింగ్ టీచర్. రెండో తరగతికి వారంలో డ్రాయింగ్ ఒక్కటే పీరియడ్, శుక్రవారం ఆఖరి గంట. పిల్లలు గీసినవన్నీ ఫొటో తీసి, బస్సులు కదిలేలోపు తల్లిదండ్రుల యాప్‌లో పెట్టాలి. వంకర గీతలు చూస్తే ఆ గంట దండగ అంటారని ఆమె భయం. అందుకే పిల్లలు వరుసగా బల్ల దగ్గరికి వస్తే, నల్ల స్కెచ్ పెన్‌తో ఇంటి గోడలు నిటారుగా, సూర్యుణ్ణి గుండ్రంగా దిద్దేది.

"ఏంది టీచరమ్మా, గివి పిల్లలు గీసిన్రా, నువ్వు గీసినవా? అన్నీ ఒక్క అచ్చుల పోసినట్టున్నయ్" అని ఆయా కృపమ్మ నవ్వేది. సెలీనా కూడా నవ్వేది.

జులైలో పేరెంట్స్ మీటింగ్ జరిగింది. రసజ్ఞ తండ్రి శ్యామ్ ఫోన్ ముందుకు పెట్టాడు. "ముప్ఫై రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయండి. మా అమ్మాయిది ఏదో పేరు చూస్తే గానీ తెలియలేదు. ఈ గంటలో కోడింగ్ చెప్పించండి." పక్కనున్నవాళ్లు తలలూపారు.

సాయంత్రం వైస్ ప్రిన్సిపాల్ కిరణ్మయి సెలీనాను పిలిచింది.

"సోమవారం నుంచి కొత్త టైమ్‌టేబుల్ అండి, ఆ గంట కోడింగ్‌కి ఇస్తున్నారు. ఈ శుక్రవారం మాత్రం మీదే. పిల్లలు సొంతంగా గీసినవి పెట్టి చూడండి. ఎవరైనా మెచ్చుకుంటే మేనేజ్‌మెంట్‌తో నేను మాట్లాడతాను."

"సరే మేడం."

శుక్రవారం సెలీనా పెన్నును సొరుగులో పెట్టి తాళం వేసింది. ఇష్టం వచ్చింది గీయమంది. పిల్లలు ఇల్లు, సూర్యుడు గీశారు. ఇరవై నిమిషాల్లో వరుస తయారైంది.

"ఇవాళ దిద్దను. ఇలాగే బాగుంది."

"మరి అవ్వలేదు కదా మిస్" అంది రసజ్ఞ. కాగితం బల్ల మీద పెట్టి కదల్లేదు.

ఆ ఇంటికి కప్పు ఉంది, తలుపు ఉంది. గోడలు లేవు. మిస్ గీసే చోటని వదిలేసింది. సెలీనా వెనకవాళ్ల కాగితాలు తీసుకుని చూసింది. చాలావాటికి గోడలు లేవు.

ఆమె తాళం తీసింది. ఎప్పటిలాగే ముప్ఫై రెండు ఇళ్లకూ గోడలు గీసి, ఫొటోలు పెట్టింది. యాప్‌లో పదకొండు లైకులు వచ్చాయి, మెచ్చుకుంటూ ఒక్క మాటా లేదు. కిరణ్మయి ఫోన్ చూసుకుని బ్యాగులో వేసుకుంది.

తర్వాతి శుక్రవారం ఆఖరి గంటలో సెలీనా కొత్త డ్యూటీ మీద గేటు దగ్గర నిలబడి బస్సుల నంబర్లు రాసుకుంది. ఆ నల్ల స్కెచ్ పెన్నే వాడింది.