చేతికంటని నూనె

గుండెపోటు వచ్చిన బాపుకు స్టెంటు వేసి ఇంటికి పంపిన రోజే వంటింటి పెత్తనం నా చేతిలోకి తీసుకున్నాను. కరీంనగర్‌లో మేముండేది ముగ్గురమే, అవ్వ, బాపు, వాళ్ల బిడ్డను నేను. హైస్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి తిండి విషయంలో ఇంట్లో నా మాటకు ఎదురు లేదు. డాక్టరు ఒక కాగితం ఇచ్చాడు. "నూనె, కొవ్వు తగ్గించాలి" అన్న మొదటి వరుస చదివి, మిగతాదంతా నాకు తెలిసిందేలే అని మడిచి మందుల డబ్బాలో పడేశాను.

పల్లీల సీసా పోయింది. నువ్వుల పొడి పోయింది. అవ్వ గానుగకు పోయి పట్టించుకొచ్చే పల్లి నూనె పక్కింటివాళ్లకు పోయింది. బాపు జమ్మికుంట జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు మోసిన మనిషి. ఉడుకుడుకు బువ్వలో నువ్వుల పొడి, దాని మీద చెంచాడు నూనె, ఆయనకున్న షోకల్లా అదొక్కటే.

"జరంత పొడి ఎయ్యరాదే బిడ్డా, నోరంత సప్పగుంది," అనేవాడు.

"బతకాల్నని ఉన్నదా లేదా బాపూ?" అని గయ్యిమనేదాన్ని. మిల్లులో మేస్త్రీలకు ఎదురు తిరిగిన మనిషి, నా ముందు తల దించుకుని మజ్జిగ అన్నం తినేవాడు.

నాకూ జాలి ఉండదా? సాయంత్రం చాయ్‌లోకి ఏదో ఒకటి ఉండాలి కదా అని, బడి నుంచి వస్తూ బేకరీలో ఖారీ తెచ్చేదాన్ని. పొరలు పొరలుగా, పట్టుకుంటే పొడిపొడిగా రాలే ఖారీ. నూనెలో వేయించింది కాదు, చేతికి పెద్దగా జిడ్డంటదు, తేలికైన తిండి అనుకున్నాను. రోజూ రెండు, ఒక్కోసారి మూడు. అలా ఏడాదిన్నర. "గిది మంచిదేనా బిడ్డా?" అని ఒకసారి అడిగాడు కూడా.

"నేను తెచ్చినంక మంచిది కాకుంటదా?" అన్నాను.

రెండోసారి గుండెపోటు వచ్చినప్పుడు దవాఖాన దాకా పోయే పని పడలేదు.

బాపును మట్టిచేశాక జరిగే ఆదరణ కూడికకు చర్చివాళ్లంతా ఇంటికి వస్తారు. బాపు రోజూ తిన్నదే వాళ్లకూ చాయ్‌తో పెడదామని, ఖారీ ఎక్కువ చెప్పడానికి బేకరీకి పోయాను. వెనుక బట్టీ దగ్గర చెప్పమన్నారు. అక్కడ ఒకాయన పిండిని చాపలా పరిచి, దాని మీద తెల్లటి వనస్పతి ముద్దలు పూస్తున్నాడు. మడిచి, వత్తి, మళ్లీ మడుస్తున్నాడు. పక్కన ఖాళీ వనస్పతి డబ్బాలు ఉన్నాయి.

"గిదంత ఖారీలకేనా?" అని అడిగాను.

"గది లేకుంటే పొరలెట్ల వస్తయి మేడం?" అని నవ్వాడు.

ఆ గడ్డకట్టించిన నూనె రక్తనాళాలను ఏం చేస్తుందో ఏటా పిల్లలకు చెబుతాను. రెండేసి సార్లు పలికిస్తాను కూడా. ఏమీ కొనకుండా ఇంటికొచ్చి మందుల డబ్బాలోని కాగితం విప్పాను. రెండో వరుసలో, బేకరీ సరుకులు, వనస్పతి పూర్తిగా మానాలని ఉంది. నాలుగో వరుసలో, పల్లీలు, నువ్వులు రోజూ గుప్పెడు తినవచ్చని ఉంది.

ఖారీ ఒక్కటే చంపిందని అనను. బీడీలున్నాయి, పత్తి దుమ్ముంది, వయసుంది. ఎవరైనా ఇదే చెబుతారు, నాకూ తెలుసు. అయినా కంచే చేను మేసింది. మంచిని ఆయన కంచంలోంచి తీసేసి చెడును నా చేతులతో పెట్టాను. కూడికలో పాస్టరుగారు ప్రార్థన చేస్తూ నా సేవ గురించి చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. వచ్చినవాళ్లకు అరటిపండ్లు పంచాము.

అందరూ పోయాక అవ్వ పొయ్యి మీద నువ్వులు వేయించింది. "నీ మాట ఇన్నడు కాబట్టే గిన్నొద్దులు బతికిండు బిడ్డా. ఇగ ఇంట్ల ఎవలికి పథ్యం? పొద్దటిసంది ఏం తినలే నువ్వు," అంటూ బువ్వలో పొడి కలిపి, పైన చెంచాడు నూనె పోసి నా ముందు పెట్టింది. కాగితం సంగతి ఆమెకింకా తెలియదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కమ్మగా ఉంది. ఏడాదిన్నర పాటు బాపు నన్ను అడిగింది ఇదొక్కటే.