పక్క మంచం అక్కకు ఆసరా

నా చిన్నప్పుడు మేము బచేలిలో గని క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా నాన్న కొండ మీద ఇనుప రాయి తవ్వే చోట పనిచేసేవారు. ఒకసారి నా కడుపులో పేగు పగిలి చీము పట్టిందని ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ చేశారు. పిల్ల బతికిందని అందరూ సంతోషించారు. నాకు మాత్రం ఆ మంచం జైలయింది.

కాపలా మా అమ్మమ్మ. కబురు అందగానే గోదావరి పల్లె నుంచి పరుగెత్తుకొచ్చింది. పచ్చి ఒళ్లని చెప్పి, బాలింతకు చేసినట్టే నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, "కదిలావంటే కుట్లు ఊడిపోతాయి, జాగ్రత్త!" అంటూ మంచానికి అడ్డంగా కూర్చునేది. లేచి నడవమని డాక్టరు గారు రోజూ హిందీలో కేకలేసేవారు. ఆయన అటు తిరగగానే అమ్మమ్మ దుప్పటి బిగించేది. నాకూ భయమే. దగ్గితేనే ప్రాణం పోయినట్టుండేది, ఇక నడవడమా! కిటికీకి జాలీ, దాని అవతల ఎర్ర కొండ, అప్పుడప్పుడు గనిలో మందు పేల్చిన చప్పుడు. నా లోకమంతా అంతే.

ఇంతలో కడుపు డోలులా ఉబ్బింది. తిన్నది నిలవదు, గాలి కిందికి పోదు. పేగులు ఇలాగే కదలకపోతే మళ్లీ కోయాల్సి వస్తుందేమోనని డాక్టరు గారు నాన్నతో అన్నారు. నేను విన్నాను. నడిస్తే కుట్లు ఊడతాయి, పడుకుంటే మళ్లీ కోస్తారు. ఎటూ దారి లేదు. దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను.

పక్క మంచం మీద ఆవపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. కడుపులో గడ్డ తీశారు, ఆమెకూ నాలాగే నిలువునా కుట్లు. ఆ మధ్యాహ్నం ఆమె మా మంచం దగ్గరికొచ్చి గోడ పట్టుకుని ఊగింది.

"అవ్వా, కండ్లు తిరుగుతున్నయే..."

మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ గబుక్కున లేవలేకపోయింది. "అయ్యయ్యో, పడిపోతోంది, పట్టుకోవే!" అని నా మీదే అరిచింది. ఆలోచించే వ్యవధి ఏది? దిగి పట్టుకున్నాను. అప్పుడు నాలుక కరుచుకుంది అమ్మమ్మ.

అక్క నా భుజం వదల్లేదు. "వరండా దాకా రా బిడ్డా, నువ్వు ఇడిస్తే నేను పడ్తా" అంది. కళ్లు తిరుగుతున్న మనిషిని వదిలెయ్యమని అమ్మమ్మ ఏ నోటితో అంటుంది? నొప్పికి కళ్లలోంచి నీళ్లు కారుతున్నా, అక్క పడిపోతుందేమోనని వంగి వంగి నడిచాను. కుట్లు ఊడలేదు! సాయంత్రం మళ్లీ పిలిచింది, పొద్దున్నే మళ్లీ పిలిచింది. ఆ పొద్దున కడుపు గుడగుడలాడి, సిగ్గు విడిచి చెబుతున్నాను, వార్డంతా వినబడేలా గాలి పోయింది. "పాయె, పాయె!" అని అక్క చప్పట్లు కొట్టింది. అమ్మమ్మ ఉన్న దేవుళ్లందరికీ దండం పెట్టింది. ఇక కోయక్కర్లేదని డాక్టరు గారు చెబితే నాన్న గోడకానుకుని ఏడ్చేశారు.

ఆ తర్వాత చూద్దును కదా, అక్క ఎవరి ఆసరా లేకుండా అవతలి మంచం ముసలామెకు గ్లాసుతో నీళ్లు తీసుకెళుతోంది! నేను నోరు తెరుచుకుని చూశాను.

"ఏందట్ల చూస్తవ్? నువ్వు లేచినవ్, నా కండ్లు తిరుగుడు పోయింది" అని నవ్వింది.

మొన్న మా వారికి గుండె ఆపరేషన్ అయింది. డాక్టర్లు చెప్పినా, పిల్లలు బతిమాలినా గోడ వైపు తిరిగి పడుకున్నారే తప్ప లేవలేదు. నేను లెమ్మనలేదు. మంచం పక్కన నిలబడి, "ఒక్కదాన్నే నడవలేకపోతున్నానండీ, ఆ తలుపు దాకా తోడు రారూ" అన్నాను. "ఇప్పుడు నీకేమొచ్చింది?" అని విసుక్కుంటూనే కాళ్లు కింద పెట్టారు. నేను పడిపోకుండా తనే నన్ను పట్టుకుంటున్నాననుకుని, నా భుజం మీద చెయ్యి వేశారు.