పాత రింగు

నంద్యాల బస్టాండులో ఒక ఆటో నీలం పొగ వదిలి వెళ్లింది. కాలిన ఆయిలు వాసన తగలగానే మాబు మామ షెడ్డు గుర్తొచ్చింది.

ఆళ్లగడ్డలో మా నాయన కారుకు ఆయనే మెకానిక్కు. నా చిన్నప్పుడొకసారి ఇంజన్ విప్పి, కొత్త పిస్టన్ రింగులు ఒక్కొక్కటే సిలిండర్లో పెట్టి సందు కొలిచి, సరిపోయినవాటిని పేపరు మీద వరసగా పేర్చి నమాజుకు వెళ్లాడు. షెడ్డులో ఆడుకుంటున్న నాకవి వెండి గాజుల్లా కనిపించాయి. ఒకటి చేతికి ఎక్కించబోతే పుటుక్కున విరిగింది. ముక్కలు కాలువలో పారేసి, ఇంజన్లోంచి తీసిన పాత రింగొకటి కిరసనాయిలుతో తుడిచి ఆ చోట పెట్టేశాను. రెండూ ఒకే గుండ్రం కదా అనుకున్నాను.

నెల తిరక్కుండానే కారు పొగ కక్కింది. నాయన నలుగురి ముందూ ఇంజన్ విప్పించాడు.

"నమ్మి బండిస్తే పాత రింగేస్తావా మాబూ?"

మాబు మామ ఆ అరిగిన రింగును చాలాసేపు తిప్పి చూశాడు. "నా కండ్లే మోసం చేసినాయప్పా," అన్నాడు.

నేను నాయన వెనకే ఉన్నాను. చిన్నపిల్లకేం తెలుస్తుందంటారు. నాకు తెలుసు.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఇంజన్ ముట్టలేదు. చివరిదాకా పంచర్లు వేసుకుంటూ బతికాడు. బడికి పోయే నన్ను చూసినప్పుడల్లా, "బాగుండావా పాపా?" అని అడిగేవాడు.

బాగున్నాననే చెప్పేదాన్ని.