మాస్టారి వాషర్ల గిన్నె

"సీ ఏ జీ... సీ ఏ జీ... సీ ఏ జీ... ఎన్నయ్యాయోయ్?"

"పదకొండు మాస్టారూ."

"పన్నెండు కావాలే!"

"మధ్యలో ఒకసారి తుమ్మారు. దానికి నేను వాషరు వెయ్యలేదు."

"తుమ్మానా? అయితే నా మీద నాకే నమ్మకం లేదు. మళ్ళీ మొదట్నుంచి."

గిన్నె బోర్లించాను. పదకొండు వాషర్లూ గలగలమంటూ ఒళ్ళో పడ్డాయి.

మా మాస్టారికి ఉన్నది ఒకటే పిచ్చి. కంప్యూటరు రెప్పపాటులో చదివి పారేసినదాన్ని ఆయన మళ్ళీ తన నోటితో, అక్షరం అక్షరం, పైకి చదవాలి. పక్కన ఒక మనిషి కూర్చుని వినాలి. లెక్కపెట్టాలి. మిగతా విషయాల్లో ఆయనంత నెమ్మదస్థుడు ఉండడు. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం పట్టిన పట్టు విడవరు.

మాస్టారనేది పిలుపే గాని ఆయన ఏ బళ్ళోనూ పాఠాలు చెప్పలేదు. ఆస్పత్రి మూడో అంతస్తులో, రక్తంలోంచి డీఎన్ఏ తీసి అందులోని అక్షరాలు చూసే ల్యాబుకి ఆయన పెద్ద. డిక్టేషను చెప్పినట్టు చదువుతారని ఎవరో మాస్టారన్నారు, అదే స్థిరపడిపోయింది. నేను అక్కడ ఫ్రీజర్లు బాగుచేసే మెకానిక్కుని. మైనస్ ఎనభై డిగ్రీల దగ్గర రక్తం గొట్టాలు దాచే ఫ్రీజర్లవి. మగపెళ్ళివారి లాంటివి. చీటికీ మాటికీ అలుగుతాయి, బతిమాలితే గాని దారికి రావు. అందుకని వారానికి నాలుగు రోజులు నా మకాం అక్కడే.

నాలుగు గంటలవగానే మాస్టారు తలుపు తీసి "వినేవాళ్ళెవరున్నారు?" అని వరండాలోకి తొంగిచూసేవారు. అంతే, వరండా ఊడ్చిపెట్టినట్టయ్యేది. గుమాస్తా లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద దూకేవాడు. గాజుసామాను కడిగే ఆవిడకి సరిగ్గా నాలుగింటికే పంటినొప్పి. ఒకసారి స్టోరుకీపరు దొరికిపోయాడు. పాపం, ఇరవై దాటేసరికి కునుకు పట్టింది. "ఎన్ని?" అని గద్దించేసరికి ఉలిక్కిపడి లేచి, వేలంలో పాట పాడినట్టు "ముప్ఫై ఎనిమిది!" అన్నాడు. ఆ ఒక్క కునుకుకి ల్యాబంతా రెండురోజులు అదే గొట్టం మళ్ళీ పరీక్ష చేసింది. యంత్రం మొదట్నుంచీ ఇరవై ఆరే అంటోంది. దాని మాట ఎవరు విన్నారు?

నేను దొరికిన రోజున నా తల ఫ్రీజర్లో ఉంది. పారిపోవడానికి ముందు తల బయటికి రావాలి కదా.

"ఆ కాళ్ళెవరివి?"

"మెకానిక్కువండీ."

"చెవులున్నాయా?"

"ఉన్నాయండీ. లోపలున్నాయి."

"వాటిని కూడా పట్టుకుని నా గదికి రా."

అలా మొదలైంది. మిగతావాళ్ళకి శిక్ష గాని, నిజం చెప్పాలంటే నాకు సరదాగానే ఉండేది. నా చదువు పదో తరగతిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఎవరో ఒకరు మాట్లాడుతుంటే పక్కన చేరి విన్నదే. కాగితం మీద గీతలు పెట్టి లెక్కిస్తే తప్పుతోందని, జేబులో ఉన్న వాషర్లు తీసి, ఆయన టిఫిను గిన్నెలో ఒక్కోదానికి ఒక్కోటి వెయ్యడం మొదలెట్టాను. 'సీ ఏ జీ', ఠంగ్. 'సీ ఏ జీ', ఠంగ్. మాస్టారి మొహం వెలిగిపోయింది.

"ఇంతకీ ఇదేమిటో తెలుసా నీకు?" అన్నారు.

"చెబితే తెలుస్తుంది."

ఒక జన్యువులో ఈ మూడక్షరాలు వరసగా, వెనకాల వెనకాల వస్తాయట. అందరికీ వస్తాయి. పదిహేడో, ఇరవయ్యో ఉంటే చింత లేదు. నలభై దాటితే మాత్రం, మనిషికి నలభయ్యో యాభయ్యో ఏళ్ళు వచ్చేసరికి చేతులూ కాళ్ళూ వాటంతటవి ఆడటం మొదలెడతాయి. తర్వాత మాట పోతుంది, తెలివి పోతుంది, మింగడం పోతుంది. మందు లేదు.

నేను కాసేపు ఆలోచించి, "బోల్టుకి వాషర్లు వేసినట్టన్నమాట" అన్నాను. "రెండేస్తే బిగువు. పది గుచ్చితే నట్టుకి మర దొరకదు, కొసన వేలాడుతుంది. బిగించిన రోజున బాగానే ఉంటుంది. కొన్నేళ్ళు పోయాక మిషను ఊగుతుంది."

ఆయన కుర్చీలోంచి లేచారు. "ఈ ముక్క ముప్ఫై ఏళ్ళుగా నాకు తట్టలేదోయ్!" అని, మర్నాడు పెద్ద డాక్టర్ల మీటింగులో నా వాషర్లు జేబులో వేసుకెళ్ళి ప్రదర్శన ఇచ్చారు. తిరిగొచ్చేసరికి రెండు తక్కువ. పోగొట్టిన డాక్టరెవరో ఇప్పటికీ తేలలేదు.

ఆయన భార్య నాకు ఫోను చేసింది. "నాయనా, వినేది నువ్వేనా? నీ కడుపు చల్లగుండ! నువ్వు దొరక్కముందు మందు సీసా మీద రాసిందంతా నాకు మూడేసిసార్లు వినిపించేవారు. 'పిల్లలకు అందనీయరాదు' అని మూడుసార్లు చెబితే, ఇంట్లో పిల్లలెవరయ్యా?"

మూడుసార్లు! ఏడాది విన్నాక నేను కనిపెట్టింది ఆ మూడు సంగతే. గిన్నెలో పదిహేడో ఇరవయ్యో పడితే మాస్టారు ఒక్కసారి చదివి, సంతకం పెట్టి, కాగితం పక్కన పడేసేవారు. నలభై దాటితే మాత్రం మూడుసార్లు చదివేవారు. గొట్టం మీద అంకెలే గాని పేరుండదు గనక అది ఎవరిదో నాకు తెలిసేది కాదు. మూడోసారి ఠంగుమన్న చప్పుడు ఎవరి ఇంటి తలుపు మీదో కొట్టినట్టుండేది.

"ఎక్కువ చెప్పినప్పుడే యంత్రం అబద్ధమాడుతుందా మాస్టారూ?" అని అడిగాను ఒకరోజు.

"గిన్నె బోర్లించు. రెండోసారి" అన్నారు.

అందరూ అనుకున్నదే నేనూ అనుకున్నాను. ముసలాయనకి యంత్రం మీద నమ్మకం లేదని.

ఇక నా సంగతి. మా అమ్మకి నలభై నాలుగో ఏట గ్లాసులు చేజారడం మొదలైంది. నడుస్తుంటే పక్కకి తూలేది. వీధిలోవాళ్ళు తాగిందన్నారు. మా అమ్మ దగ్గుమందు తాగడానికే మొహం చిట్లించేది. తర్వాత పదకొండేళ్ళు. చివరి రెండేళ్ళు మంచం మీంచి పడిపోకుండా చుట్టూ దుప్పట్లు చుట్టి పెట్టాం. మా అక్కా నేనూ వంతులు వేసుకున్నాం. జబ్బు పేరు అమ్మ పోయాక తెలిసింది, ఈ మూడక్షరాల జబ్బే. ఆ జన్యువుకి అమ్మలో ఉన్న రెండు ప్రతుల్లో, మంచిదో చెడ్డదో, ఏదో ఒకటి బిడ్డకి వస్తుంది. బొమ్మా బొరుసా. నేను పెళ్ళి చేసుకోకపోవడానికి వీధిలో చాలా కథలున్నాయి. అసలు కథ మాత్రం మా అమ్మ చేతులు.

ముప్ఫై తొమ్మిదో ఏట, ఒకే వారంలో రెండుసార్లు స్క్రూడ్రైవరు జారింది. గ్రీజు వల్లేమో. అయినా నిద్ర పట్టలేదు. అక్కతో అన్నాను.

"పరీక్ష చేయించుకుంటానే."

"చేయించుకుని?"

"తెలుస్తుంది కదా."

"తెలిసి ఏం చేస్తావురా? నాకు మాత్రం చెప్పకు. నీది చెబితే నాది కూడా ఆలోచించాలి." వెళ్ళబోయి వెనక్కి తిరిగి, "సరేలే, చెప్పు. మోసేటప్పుడు ఇద్దరం మోశాం" అంది.

మాస్టారితో చెప్పాను. ఆయన చేతిలో కాగితం బల్ల మీద బోర్లించారు. తర్వాత, "రెండో అంతస్తు డాక్టరమ్మ దగ్గరికెళ్ళు. ఆవిడ రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడుతుంది. అప్పటికీ కావాలంటే రక్తం ఇయ్యి. ఫలితం ఆవిడే చెప్పాలి. నా దగ్గరికి వచ్చి అడిగావో, కాళ్ళిరగ్గొడతాను" అన్నారు. ఆయన నన్ను కసరడం అదే మొదలు.

రక్తం ఇచ్చాను. ఆ రోజు నుంచి నాలుగింటికి పిలుపు ఆగిపోయింది. మూడు వారాలు. వరండాలో నేనొక్కణ్ణే ఖాళీగా నిలబడేవాణ్ణి. గుమాస్తాకి మెట్లు దూకే పని తప్పింది. గాజుసామాను ఆవిడకి పంటినొప్పి పోయింది. ఎదురుపడితే మాస్టారు ఫ్రీజరు కేసి చూసి, "చల్లగా ఉందా?" అని అడిగి వెళ్ళిపోయేవారు. మైనస్ ఎనభైలో ఉంది, చల్లగా ఉండక ఏం చేస్తుంది? ఒకరోజు నా వాషర్ల గిన్నె కూడా గదిలో కనిపించలేదు. నా మీద కోపమొచ్చిందనే అనుకున్నాను.

బుధవారం పదకొండింటికి డాక్టరమ్మ పిలిచింది. రెండో అంతస్తు, కిటికీ ఉన్న చిన్న గది. బల్ల, మూడు కుర్చీలు, కాగితం రుమాళ్ళ డబ్బా. మూల కుర్చీలో మాస్టారు. ఒళ్ళో గిన్నె.

"మీరేంటి ఇక్కడ?"

"కూర్చో" అన్నారు. మూడో అంతస్తు దిగి రావడం ఆయనకి మోకాళ్ళ గండం. మంచి కబురు కోసం ఆ మోకాళ్ళు కదలవని నాకు అప్పటికి తెలియదు.

డాక్టరమ్మ నెమ్మదిగా అడిగింది. "నేను చెప్పనా? లేక మాస్టారు చదివితే వింటావా? నీ ఇష్టం. వద్దంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, అది కూడా నీ ఇష్టమే."

"చదవమనండి" అన్నాను. జేబులో చెయ్యి పెట్టాను. అలవాటు.

"మీ నాన్న వైపుది పద్ధెనిమిది. దానికి చింత లేదు" అన్నారు మాస్టారు. "ఇది మీ అమ్మ వైపుది." కళ్ళజోడు సవరించుకున్నారు. "సీ ఏ జీ."

ఠంగ్.

ఇరవై దాటింది. ముప్ఫై దాటింది. ముప్ఫై అయిదు దగ్గర ఆయన ఆగుతారని చూశాను. ఆగలేదు. నలభై దగ్గర నా చెయ్యి ఆగింది. ఆయన నా వాషరు పడేదాకా ఓపిగ్గా చూసి, మళ్ళీ అందుకున్నారు.

నలభై మూడు.

మాస్టారు చేతిలో కాగితం కిందికి దించారు.

"ఎన్ని?" అన్నారు మాస్టారు. రోజూ అడిగినట్టే.

"నలభై మూడు."

"నాకూ అంతే."

"ఒక్క నాలుగు వాషర్లు తీసేద్దామా మాస్టారూ?"

"నేనూ అడిగి చూశానోయ్. రెండో గొట్టం తీసి కూడా పెట్టాను. యంత్రాన్ని మూడుసార్లు అడిగాను. ఒప్పుకోలేదు వెధవది."

నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు కానిదేదో వచ్చింది. డాక్టరమ్మ డబ్బా నా వైపు జరిపింది. ఇద్దరూ తొందరపెట్టలేదు. కిటికీ బయట ఎవరో కారు వెనక్కి తీస్తుంటే ఇంకెవరో "రానీ, రానీ" అంటున్నారు.

"ఇంకోసారి చదవండి" అన్నాను. చదివారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చదివారు. మూడుసార్లూ నలభై మూడే. మూడుసార్లూ ఆయన గొంతు గచ్చు మీద రాయిలా కదలకుండా ఉంది.

"మీ గుండె గట్టిది మాస్టారూ. ఎక్కడా తొణకలేదు."

డాక్టరమ్మ ఉండబట్టలేకపోయింది. "గట్టిదా? నిన్న పొద్దుట్నుంచి ఈ గదిలో పదహారుసార్లు చదివారు. మొదటి తొమ్మిదిసార్లూ ముప్ఫై దాటలేకపోయారు."

"అమ్మా, ఎందుకిప్పుడవన్నీ" అన్నారు మాస్టారు.

ఆవిడ వినలేదు. వెనకటికి ఫలితాలు పోస్టులో పంపేవారట. ఒకావిడ కవరు చింపి బస్టాపులో కూర్చుండిపోయింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎన్ని బస్సులు వెళ్ళాయో. ఏమైందని అడిగినవాడు లేడు. మర్నాడు అదే కాగితం పట్టుకుని ల్యాబుకొచ్చి, "అక్షరాలు అలుక్కుపోతున్నాయి, ఎవరైనా చదివి చెప్పండయ్యా" అందట. ఎదురుపడ్డది మాస్టారు. చదవబోయి, సగంలో గొంతు పూడుకుపోతే, ఆవిడే ఈయనకి మంచినీళ్ళిచ్చి ఓదార్చి వెళ్ళిందట.

"ఆ రోజు నుంచి నలభై దాటినవన్నీ ముందు ఎవరో ఒకరికి వినిపించి, గొంతులో వణుకు పోయేదాకా సాధన చేసుకుని, ఇక్కడికొచ్చి కూర్చుంటారు. మనిషి లేచేదాకా లేవరు. నీది మాత్రం నీకు ముందే వినిపించకూడదు కదా. మూడు వారాలు వినేవాళ్ళు లేక అల్లాడిపోయారు."

నేను మాస్టారి కేసి చూశాను. ఆయన గిన్నెలో ఏదో వెతుకుతున్నారు.

"ఎన్నేళ్ళుందంటారు?" అని అడిగాను.

"అది ఇందులో రాసి లేదు" అన్నారు. "అయిదేళ్ళు కావచ్చు, పదిహేను కావచ్చు. ఇవాళ మాత్రం నీ చెయ్యి వణకలేదు. నలభై మూడు వేశావు, మూడుసార్లు. ఒక్కటీ కింద పడలేదు. నేను చూస్తూనే ఉన్నాను."

అక్కకి డాక్టరమ్మ ముందే కబురు పెట్టిందట, కింద గేటు దగ్గర ఉంది. నేను లేచాను. మాస్టారు కూడా మోకాళ్ళు పట్టుకుని లేచి, వాషర్లు నా దోసిట్లో పోశారు.

"అక్కతో ఇంటికెళ్ళు. రేపు సెలవు పెట్టు. శుక్రవారం నాలుగింటికి మాత్రం రా."

"ఎందుకు?"

"ఒకటుంది. మూడుసార్లు చదవాల్సినది. ఆ గుమాస్తా మెట్లలో ఉంటాడు, గాజుసామాను ఆవిడకి పన్ను మళ్ళీ నొప్పెడుతుంది. నాకు వినేవాడు కావాలి."

"వస్తాను మాస్టారూ."

"ఆ వాషర్లకి గ్రీజు కడిగి తీసుకురా. రెండేసి అతుక్కుని పడుతున్నాయి."

"ఎన్ని తేమంటారు?"

"అన్నీ తే. ఎన్ని పడతాయో ముందే అనుకోకూడదు."