విరిగిన స్టోలెన్ మీద పేరు

“బిళ్ళ మీద పేరు మాదే కదా, అందుకని విరిగినది మాదే అన్నాను. ఆ తర్వాత ఎల్వీరా మాత్రం ఏమంటుంది? మంచుబండి తాడు పట్టుకుని బేకరీ గుమ్మం దగ్గర కొయ్యబారిపోయింది. నువ్వు ఆ దుంప తొక్క కాస్త పల్చగా తియ్యవయ్యా, సగం దుంప చెత్తలోకే పోతోంది.”

గుద్రున్‌గారు కథ చెబుతున్నప్పుడు వినేవాడి చేతులు ఊరికే ఉంటే ఆవిడకు నచ్చదు. ఆవిడ ఇంటి మేడ మీద అద్దెకు దిగినప్పటినుంచీ ఈ వంటింట్లో నేను విన్న కబుర్లకూ, తొక్క తీసిన దుంపలకూ లెక్క లేదు. పెళ్ళికి ముందునుంచీ బొమ్మల కార్ఖానా మూతపడేదాకా ఆవిడ పని చెక్క దేవదూతలకు కళ్ళు పెట్టడం. ఒక్కో బొమ్మకు రెండు చుక్కలు. చుక్క కాస్త పక్కకు జరిగితే దేవదూత దొంగచూపులు చూస్తుందట. ఇప్పటికీ ఆవిడ మాట్లాడేటప్పుడు మన మొహంలో చుక్క ఎక్కడ పెట్టాలా అన్నట్టే చూస్తారు.

“మరి బేకరీ ఆయన ఏమన్నాడండీ?”

“ష్యోన్‌హెర్ ఏమంటాడు? వాడు పుట్టకముందే వాళ్ళ నాన్న దగ్గర స్టోలెన్లు కాల్పించుకున్నదాన్ని. నా మొహం చూశాడు, అర్థమైంది, గుడ్డ తెచ్చి కప్పేశాడు.”

మా జర్మన్ కొండ ఊళ్ళలో, క్రిస్మస్‌కు చేసే స్టోలెన్ అనే తీపి రొట్టెను ఇంటి పొయ్యిలో కాల్చుకునేవాళ్ళు తక్కువ. వెన్న, బాదం, రమ్ములో నానిన ఎండుద్రాక్ష, పాకం పట్టిన నిమ్మతొక్క అన్నీ సొంతంగా మోసుకెళ్ళి, బేకరీలో పక్కనే నిలబడి పిండి కలిపించుకుంటారు. పొత్తిళ్ళలో చుట్టిన పసిబిడ్డలా మడిచిన ప్రతి ముద్దలోనూ ఇంటిపేరు చెక్కిన రేకు బిళ్ళ గుచ్చుతారు. లేకపోతే పొయ్యిలోంచి వచ్చి, కరిగిన వెన్న తాగి, పొడి పంచదార కప్పుకున్నాక ఎవరి బిడ్డ ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు.

ఆ స్టోలెన్ ఇల్లు చేరేలోపు విరిగిందంటే, వచ్చే ఏడాదిలో ఆ ఇంట్లో ఎవరో ఒకరు... ఆ వాక్యాన్ని ఇక్కడ ఎవరూ పూర్తి చెయ్యరు. ఇలాంటివి నమ్మకూడదని చెప్పే పాస్టరుగారు కూడా తన స్టోలెన్లను బాలింతను నడిపించినట్టు నడిపించుకుంటూ తీసుకెళతారు.

ఈసారి బేకరీలో బల్ల మీదినుంచి ఎత్తుతుంటే ఒకటి నడిమికి రెండు ముక్కలైంది. దాని మీద హార్టిగ్ అని బిళ్ళ ఉంది. హార్టిగ్ అంటే గుద్రున్‌గారి ఇంటిపేరే. చిక్కల్లా ఏమిటంటే, మూడిళ్ళ అవతల ఉండే ఎల్వీరా స్టోలెన్ల మీదా అవే బిళ్ళలున్నాయి.

“ఈ ఏడే మొదటిసారి స్టోలెన్ పెడుతున్నాను అత్తా, నాకు బిళ్ళలు లేవు అని వచ్చింది. రేకుపని ఆయనను అడిగితే వసంతం దాకా కుదరదన్నాడట. నా డబ్బాలో మిగిలినవి ఇచ్చాను. రెండిళ్ళవీ ఒకే పొయ్యిలో ఒకే పేరుతో కాలాయి. అప్పుడు ఒక్కరికీ తట్టలేదు చూడు.”

ఎల్వీరా రష్యాలో వోల్గా ఒడ్డున పుట్టింది. ఎప్పుడో అటు వలసపోయిన జర్మన్ల పిల్ల. చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఇటు వచ్చేసినా, అక్కడి రష్యన్ ఇరుగుపొరుగుల దగ్గర వాళ్ళ అమ్మమ్మ నేర్చుకున్న వంటలన్నీ వెంట వచ్చాయి. ఈస్టరుకు కులిచ్ చేస్తుంది. పొడుగాటి టోపీలాంటి తీపి రొట్టె అది. పొయ్యిలోంచి తీసి, ఈకల దిండు మీద పడుకోబెట్టి, ఒక పక్కకే అణిగిపోకుండా మెల్లగా దొర్లిస్తూ చల్లారుస్తుంది. అంతసేపూ ఆ ఇంట్లో ఎవరూ తలుపు గట్టిగా వెయ్యకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. మొన్న ఈస్టరుకు గుద్రున్‌గారి భర్త లోతర్‌గారు అక్కడ తుమ్మారని వీధిలోకి పంపించేసింది. ఎందుకంటే కులిచ్ పగిలినా కుంగినా, ఆ ఇంట్లో వచ్చే ఏడాదిలో... వాళ్ళూ ఆ వాక్యాన్ని పూర్తి చెయ్యరు.

“అందుకే దూరంనుంచి చూసి కూడా ఆ పిల్ల తెల్లబోయింది,” అన్నారు గుద్రున్‌గారు. “‘అత్తా, అది నాదేమో’ అంది. ‘ఎట్లా నీదవుతుందే, హార్టిగ్ అని ఉంటే’ అన్నాను. ‘నావాటి మీదా అదే ఉంది కదా అత్తా’ అంది. ‘నీకు ఆ పేరు అరువిచ్చాను తల్లీ, రాసివ్వలేదు. విరిగినదెప్పుడూ ఓనరుదే’ అన్నాను. మిగతావాటిని చెరిసగం చేసి పంపించాను. ఏవి ఎవరింటికి వెళ్ళాయో పండగనాడు కోస్తేగానీ తెలీదు.”

“నిజానికి ఎవరిదండీ అది?”

ఆవిడ లేచి వెళ్ళి వంటింటి తలుపు మూసి వచ్చారు.

“విరిగినచోట వాసన చూశాను. యాలకులు. నా జన్మలో నేను స్టోలెన్‌లో యాలకులు వెయ్యలేదు. కానీ ఆ పిల్లకిప్పుడు ఏడో నెల, తొలి కాన్పు. ఇంక పురుడొచ్చేదాకా దాని కంటికి నిద్రుంటుందా?”

ఇంతవరకూ బాగానే ఉంది. ఆవిడ లెక్కలోకి రానిది సొంత ఇల్లే. నిన్న ఆవిడ మంచుబండి లాక్కుంటూ వచ్చేసరికి లోతర్‌గారు గుమ్మంలో చేతులు చాపి నిలబడ్డారు. నేను మెట్ల మీదే ఉన్నాను. ఈయనకు కబురు ఎవరు మోశారో తెలియదు.

“ఆగక్కడ. దాన్ని గడప దాటించకు.”

“చలికి చస్తున్నాను, జరుగు.”

“చచ్చేది నువ్వు కాదే, నేను. ఆ బిళ్ళ మీద ఎవరి పేరుంది?”

“మన పేరు.”

“మన పేరు కాదు. మా తాత పేరు, మా నాన్న పేరు, నా పేరు. నువ్వు రైషెల్ వాళ్ళమ్మాయివి. మీ పుట్టింటి పేరున ఒక బిళ్ళ చేయించుకుని ఉంటే ఇవాళ నీతోనే సరిపోయేది.”

“యాభై ఏళ్ళనుంచీ ఆ పేరు నాది కూడానయ్యా.”

“చాకిరీకి నీది కూడా. చావు దగ్గర మాత్రం పెద్దవాణ్ణి నేనే.”

విరిగిన స్టోలెన్ కట్టెల కొట్టంలో ఆగిపోయింది. లోతర్‌గారు ఉన్ని టోపీ పెట్టుకుని మంచమెక్కారు. నన్ను పిలిపించి, తన అంత్యక్రియల్లో బ్యాండువాళ్ళు ఏ పాట వాయించకూడదో చెప్పారు. తన బూడిదరంగు కోటు నాకు పొడుగవుతుంది గానీ తీసుకోమన్నారు. కాఫీ మాత్రం ఎప్పట్లాగే కప్పున్నర తాగారు.

ఆ స్టోలెన్ ఎల్వీరాదని గుద్రున్‌గారు ఒక్క ముక్క చెబితే ఆయన టక్కున లేచి కూర్చునేవారు. చెప్పలేదు. చెప్పలేరు కూడా. లోతర్‌గారు ఈ లోయలో బస్సు నడిపినన్నాళ్ళూ ఒక స్టాపులో ఎక్కిన కబురును తర్వాతి స్టాపులో దించేవారు. ఇప్పుడు బస్సు లేదు గానీ సర్వీసు ఆగలేదు. ఆయన చెవిన పడితే గంటలోపల ఎల్వీరా చెవిన పడుతుంది. అందుకని ఈవిడ రాత్రంతా పక్కమంచం మీది మూలుగులు వింటూ నోరు కుట్టుకుని పడుకున్నారు.

“మరి పొద్దున ఏం జరిగిందండీ? ఆయన మంచం మీద లేరే.”

“అదే చెబుతున్నాను. లేచి చూస్తే మనిషి లేడు. కట్టెల కొట్టం తలుపు తీసి ఉంది. వెళ్ళి చూస్తే మొద్దు మీద కూర్చుని, మీసాలనిండా పంచదారతో, ఒక సగం అప్పటికే అవగొట్టేశాడు.”

“క్రిస్మస్ కంటే ముందే?”

“నేనూ అదే అడిగాను. క్రిస్మస్ సాయంత్రం దాకా స్టోలెన్ కొయ్యకూడదని తెలీదా అన్నాను. ‘నేను కొయ్యలేదే, అది విరిగే ఉంది’ అన్నాడు. ‘ఎలాగూ పోయేవాణ్ణి, పండగ దాకా ఎందుకు ఆగాలి’ అన్నాడు. నమిలాడు, నమిలాడు, ఆపి నావంక చూశాడు. ‘గుద్రున్, ఇది నువ్వు చేసింది కాదు’ అన్నాడు. ఎందుక్కాదు అన్నాను. ‘బాగుంది’ అన్నాడు.”

నేను దుంప మీదికి తల వంచుకున్నాను.

“నవ్వు, నవ్వు. యాభై ఏళ్ళు తిన్న మనిషి. నాకు ఒళ్ళు మండి కూడా జవాబు చెప్పలేదు. నేను జవాబు చెప్పకపోతే ఆయనకు అనుమానం వస్తుంది, అలవాటు లేదు పాపం. ‘ఎల్వీరాదా?’ అన్నాడు. ఊరుకున్నాను. తర్వాత ఆ బిళ్ళ ఊడబీకి, ప్యాంటుకు తుడిచి జేబులో వేసుకున్నాడు. ‘పేరు నాదే కదా, నాదే అనుకోనీ. ఎనభై దాటినవాడికి ఇలాంటిది ఇంకోటి మీదపడితే ఏమవుతుంది. ఆ పిల్లకెందుకు’ అన్నాడు.”

ఆవిడ దుంపల గిన్నెలో నీళ్ళు పోశారు. అవసరానికి మించే పోశారు.

“పెళ్ళైనప్పటినుంచీ ఆయన్ను పొగడడానికి చోటు వెతుక్కుంటున్నాను, దొరికిందనుకున్నాను. ఈలోపు ‘ఆ రెండో సగం కూడా తినెయ్యనా’ అన్నాడు.”

నడవలో బూట్ల చప్పుడయింది. నాకు రాసిచ్చిన బూడిదరంగు కోటు తొడుక్కుని, చావు ఊసే మరిచిపోయినట్టు లోతర్‌గారు తలుపు తోసుకుని వచ్చారు.

“ఎల్వీరా దగ్గరికి వెళ్ళొస్తాను. యాలకులు ఏపాటి వేస్తుందో కనుక్కోవాలి.”

“ఎక్కడ తిన్నావని అడిగితే ఏం చెబుతావు?” అన్నారు గుద్రున్‌గారు.

ఆయన కోటు గుండీలు ఒక్కోటీ పెట్టుకున్నారు.

“వాసన వచ్చిందంటాను.”

“మూడిళ్ళ అవతలినుంచా?”

“బస్సు నడిపినవాడి ముక్కు నాది. టైరు కాలితే ఊరవతలే తెలిసేది.”

ఆయన బయటికి వెళ్ళిపోయారు. మంచు మీద బూట్లు కరకరలాడాయి. గుద్రున్‌గారు నా చేతిలోంచి కత్తి లాక్కున్నారు.

“నువ్వింకా కూర్చున్నావేం? వెంట పడు. దారి జారుతుందని చెప్పి ఆయన చెయ్యి పట్టుకో. లోపలికి వెళ్ళాక పక్కనే కూర్చో. స్టోలెన్ అని నోరు తెరవగానే నువ్వు దగ్గు. దగ్గుకు ఆగకపోతే కాలు తొక్కు. అప్పటికీ ఆగకపోతే కాఫీ ఒలకబొయ్యి, బల్లగుడ్డ నేనే ఉతికిపెడతాను. ఆ పిల్ల ముందు మాట జారిందా, మీ ఇద్దరికీ ఈ ఇంట్లో దుంప కూడా దొరకదు.”

నేను చొక్కా మీద కోటు వేసుకుంటూ మెట్లు దిగి వాకిట్లోకి వచ్చేసరికి వంటింటి కిటికీ తెరుచుకుంది.

“అబ్బాయ్, ఆ యాలకుల సంగతి ఆయన్ను అడగనివ్వకు, నువ్వే అడుగు. నీకోసమని చెప్పు. సరిగ్గా విను, మధ్యలో మరిచిపోకు.”