లెక్క నోటితో చెప్పమన్న మనిషి

నా భార్య పోయింది. వినాయక చవితి వెళ్ళిన వారం, స్కూలుకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నదల్లా కూలబడింది. రాజాం ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. గుండె అన్నారు.

ఆమె రాజాం దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. నేను బీఏ చదివి కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. లెక్కలంటే భయం. పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైందంటే "ఎంతెక్కువ?" అని అడిగేది. ఏ కొత్త పాఠమైనా ముందు నా మీద ప్రయోగం. "మీకర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టేనండి" అని నవ్వేది.

మా వరండా గోడకి నల్లబల్ల ఉంది. సాయంత్రం పిల్లలొస్తే చాక్‌పీసు రెండుగా విరిచి సగం పిల్లల చేతికిచ్చి, తన సగం బల్ల అంచున పెట్టేది. "అరగాల్సింది మీ సగం, నాది కాదు" అనేది.

పోయినేడు ఆ స్కూల్లో పది పాసైన ఒక కౌలురైతు కూతురు, విదేశంలో ఏడాది చదివి వచ్చే ఎక్స్ఛేంజి పథకానికి ఎంపికైంది. ఇటలీ పంపుతామన్నారు. తండ్రి భయపడ్డాడు. కారణముంది. అంతకు ముందు ఇదే ఊరి పిల్ల ఒకతి అమెరికా వెళ్ళొచ్చింది. ఆమెను చేర్చిన స్కూల్లో ఒక ఏడాదంతా బీజగణితం, ఇంకో ఏడాదంతా రేఖాగణితం, చేతిలో కాలిక్యులేటరు. ఆ పిల్లను రేఖాగణితంలో కూర్చోబెట్టారు. తిరిగొచ్చేసరికి ఇక్కడి ఇంటర్ లెక్కలు అందలేదు. మొదటి సంవత్సరం మళ్ళీ చదివింది.

"మా పిల్లకీ అలాగే సంవత్సరం పోతాదేటి టీచరమ్మా?" అన్నాడు తండ్రి, మా అరుగు మీద కూర్చుని.

"పోదు. నేనున్నాను."

"ఇటలీవోళ్ళు నీ మాట ఇంతారేటమ్మా?"

"ఇనకపోతే నేనే ఇంటాను వాళ్ళ మాట."

ఆ వేసవంతా మా భోజనాల బల్ల మీద భోజనం లేదు. ఒక పక్క మన ఇంటర్ పుస్తకం, మరో పక్క ఇంటర్నెట్‌లోంచి తీయించిన వాళ్ళ పాఠాలు. భాష తెలియదు, ఫోన్‌తో అనువాదం చేయించుకునేది. మనం చుక్క పెట్టే దశాంశానికి వాళ్ళు కామా పెడతారని చూసి, లక్షలో మన కామా అక్కడ కొంప ముంచుతుందని ఆ పిల్లకి వెంటనే చెప్పింది. వాళ్ళు ఆ ఏడు వృత్తాలు, పరావలయాలు లోతుగా చేస్తారు. మాత్రికలు, అవకలనం ఉండవు. "ఆ రెండూ ఆదివారాలు ఫోన్లో నేను సెప్తాను" అని తేల్చింది.

ఒకరోజు నన్ను కేకేసింది. "ఏటండీ, ఇది సూడండి. అక్కడ లెక్క రాస్తే సరిపోదట. బోర్డు దగ్గర నిలబెట్టి నోటితో సెప్పిస్తారట. దానికీ మార్కులేనట!"

అసలు తేడా అక్కడ దొరికింది. మన పిల్లలకి ప్రతి మెట్టూ కాగితం మీదే. జవాబు చుట్టూ గడి గీసి చేతులు కట్టుకోవడం అలవాటు. టీచరు ఎదుట నిలబడి 'ఎందుకంటే' అనడం వాళ్ళకి ఎదురు చెప్పినట్టు. మర్నాడు ఆ పిల్ల సరిగ్గా అలాగే చేసింది. లెక్క చకచకా రాసి, జవాబు చుట్టూ గడి గీసి, చేతులు కట్టుకుని నిలబడింది.

"రాసేసినావు. ఇప్పుడు సెప్పు."

"బోర్డు మీద ఉన్నాది గదా టీచర్."

"బోర్డుకి మార్కులెయ్యరే అక్కడ, నీకేస్తారు. జవాబు నాకు తెల్సు. నీకెలా వచ్చిందో అది సెప్పు."

ఆ పిల్ల నోరు విప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది. విప్పాక ఆపడం కష్టమైంది.

ఆ పిల్ల విమానమెక్కిన కొద్ది రోజులకే నా భార్య పోయింది. పదకొండో రోజు కార్యం అయ్యాక వచ్చిన ఆదివారం, మధ్యాహ్నం, ఆమె ఫోన్ మోగింది. ఎత్తాను. అవతల ఏడుపు. "ఎక్కడ ఆపారు?" అన్నాను.

"మాత్రికల గుణకారం సార్. సెప్తానన్నారు టీచర్."

"నాకు రాదు. నువ్వు పుస్తకం చదివి నాకు చెప్పు."

"మీకా సార్?" అంది. ఏడుపు మధ్యలో చిన్న నవ్వు వినపడింది. నా లెక్కల సంగతి ఆ పిల్లకీ తెలుసు.

ఆదివారమంటే ఇప్పుడు అదే పని. ఆ పిల్ల చెబుతుంది, నేను వరండా బల్ల మీద రాస్తాను. అర్థం కాకపోతే కాలేదంటాను. ఊరుకోను. మళ్ళీ చెప్పిస్తాను. మొన్న వాళ్ళ స్కూల్లో బోర్డు దగ్గరికి పిలిచారట. "వాళ్ళ భాష సగం తప్పినాను సార్. లెక్క తప్పలేదు" అంది.

ఆ పిల్ల తండ్రి ఒకసారి వచ్చి నల్లబల్లకేసి చూశాడు. "మరిప్పుడెలాగ బాబూ?" అన్నాడు.

"సంవత్సరం పోదు" అన్నాను. ఆమె అన్న మాటే. ఇప్పుడది నాది.

వేసవిలో ఆ పిల్ల తిరిగి రాగానే ఇంటర్ మొదటి సంవత్సరం సప్లిమెంటరీ పరీక్షలు. మాత్రికలు పూర్తయ్యాయి. అవకలనం మొదలైంది. నిన్న చాక్‌పీసు అయిపోతే కొత్తది తీసి, అలవాటుగా రెండుగా విరిచాను. నా సగం అప్పుడే గోరంత అయింది. ఆమె సగం బల్ల అంచున ఉంది, అరగకుండా.